డిసార్డర్లీ కాండక్ట్ కేసు, ఒక ఉండ్రాళ్ళ పళ్ళెం

"అమెరికాలో పోలీసులు అన్యాయంగా అరెస్ట్ చేసి డిసార్డర్లీ కాండక్ట్ (బహిరంగంగా అల్లరి చేశారనే) కేసు పెట్టారు. ఫైన్ కట్టేసి వదిలించుకోవడం మంచిదా, కోర్టులో పోరాడాలా?" అని ఒకరు అడిగారు.

పోరాడాలి. నేను లాయర్‌ని కాను, ఒకసారి చేతులకి బేడీలు పడ్డవాణ్ని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2018లో వినాయక చవితి గురువారం వచ్చింది. ఇక్కడ దేవుడైనా వీకెండ్ దాకా ఆగాల్సిందే కాబట్టి నిమజ్జనం ఆదివారం సాయంత్రం పెట్టుకున్నాం. న్యూజెర్సీలో మేముండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్‌లో, పిల్లలు ఆడుకునే నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు నింపి పెట్టాం. జానెడు మట్టి గణపతి. ఆ జానెడు స్వామికి ముప్పై మంది జనం, రెండు డప్పులు, ఒక బ్లూటూత్ స్పీకర్. టైం ఏడున్నర. అర్ధరాత్రేం కాదు.

ఎవరో కంప్లైంట్ ఇచ్చారు. రెండు పోలీసు కార్లు వచ్చాయి. మొదటి ఆఫీసర్ మర్యాదస్తుడు, సౌండ్ తగ్గించమన్నాడు. మేం స్పీకర్ మొత్తానికే ఆపేశాం, డప్పులు కింద పెట్టేశాం. అక్కడితో అయిపోవాలి. రెండో కారులోంచి దిగినాయన మాత్రం డప్పు కొట్టిన కుర్రాణ్ణి పక్కకు పిలిచి ఐడీ చూపించమన్నాడు. ఆ పిల్లాడు ఓపీటీ మీద, అంటే చదువయ్యాక స్టూడెంట్లకి పని చేసుకోవడానికిచ్చే తాత్కాలిక అనుమతి మీద ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. పర్సు రూంలో ఉందంటున్నాడు.

నేను ఊరుకుంటే బాగుండేదేమో. "స్పీకర్ ఆపేశాం కదా, ఇప్పుడు ఐడీ ఎందుకు?" అని అడిగాను. వెనక్కి వెళ్ళమన్నాడు. రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగేటప్పటికి గొంతు లేచింది. మాది వరంగల్. నేను "టీ బాగుంది" అన్నా దెబ్బలాడినట్టే ఉంటుందని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. ఆయన నా భుజం పట్టుకుని తిప్పి, చేతులు వెనక్కి పెట్టమన్నాడు.

నా రెండు చేతుల్లో ఉండ్రాళ్ళ పళ్ళెం ఉంది. స్వామికి నైవేద్యం పెట్టినది, కారు మీదో నేల మీదో పెట్టబుద్ధి కాలేదు. ఒక క్షణం అలాగే నిలబడిపోయాను. అప్పుడు మా పక్కింటి వాళ్ళ అమ్మగారు, కూతురి పురిటికి విజిటర్ వీసా మీద వచ్చినావిడ, కొంగు దోపుకుని వచ్చి "ఇటియ్యి నాయనా" అని పళ్ళెం అందుకుంది. ఆ తర్వాతే బేడీలు పడ్డాయి.

నేను చెయ్యి లాక్కోలేదు. ధైర్యమూ కాదు, తెలివీ కాదు, కాళ్ళూ చేతులూ ఆడలేదంతే. కానీ ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటేనని తర్వాత లాయర్ అన్నాడు. అరెస్టు తప్పయినా సరే, యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ అరెస్ట్ చేస్తున్నానని చెప్పాక చెయ్యి విదిలిస్తే న్యూజెర్సీలో అది వేరే కేసు, దీనికంటే పెద్దది. మొదటి కేసు కొట్టేసినా రెండోది మెడకు చుట్టుకుంటుంది. వాదన ఏదున్నా కోర్టులోనే.

స్టేషన్లో మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, ఫొటో తీసి, సమన్లు చేతిలో పెట్టి పంపేశారు. ఆ రాత్రి సెక్షన్ వెతికి చదివాను. ప్రజలకి ఇబ్బంది కలిగించాలనే ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసీ లెక్కచేయకుండానో కొట్లాటకు దిగడం, బెదిరించడం, హింసకు పాల్పడడం, లేదా "టుమల్చువస్"గా ప్రవర్తించడం. ఆ చివరి మాటకి డిక్షనరీ తీస్తే అల్లకల్లోలం అని ఉంది. పళ్ళెం పట్టుకుని అల్లకల్లోలం చేశానట! శిక్ష గరిష్ఠంగా 30 రోజుల జైలు, 500 డాలర్ల జరిమానా.

డాలస్‌లో ఉండే మా బావ ఫోన్ చేసి, "ఐదొందలు పారేసి రా బామ్మర్దీ, పార్కింగ్ టికెట్ అనుకో" అన్నాడు. వాళ్ళ టెక్సాస్‌లో ఇది మామూలుగా క్లాస్ సీ, అంటే అన్నిటికంటే చిన్న రకం నేరం, జరిమానాతో పోయేది. న్యూయార్క్‌లో దీన్ని నేరమని కూడా అనరు, వయొలేషన్ అంటారు. కానీ మన వీసా అప్లికేషన్‌కి ఈ తేడాలు పట్టవు. వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. గ్రీన్ కార్డ్ ఫారంలో, సిటిజన్‌షిప్ ఫారంలో కూడా అదే ప్రశ్న. కేసు కొట్టేసినా అవుననే రాయాలి. అవునని రాసి కింద "కొట్టేశారు" అని చెప్పడం వేరు, "తప్పు ఒప్పుకున్నాను" అని చెప్పడం వేరు. 2025 ఏప్రిల్‌లో స్టూడెంట్ల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లోవి) మూకుమ్మడిగా రద్దు చేసినప్పుడు, కేసు ఎప్పుడో కొట్టేసిన పిల్లలు కూడా అందులో ఇరుక్కున్నారు. కోర్టులకెక్కాక నెలాఖరుకి వెనక్కి ఇచ్చారనుకోండి, ఈలోగా వాళ్ళకి నిద్రలేదు. ఒప్పుకుని సంతకం పెట్టినవాడి సంగతి ఇక చెప్పేదేముంది?

అందుకని ఇద్దరు లాయర్లని కలవండి. ఒకరు ఆ ఊరి మునిసిపల్ కోర్టులో రోజూ తిరిగే క్రిమినల్ లాయర్, ఇంకొకరు ఇమిగ్రేషన్ లాయర్. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో క్లయింటుకి చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో సుప్రీం కోర్టు క్రిమినల్ లాయర్లకి చెప్పింది. అయినా మీరే నోరు తెరిచి అడగండి. నాకు ఇద్దరికీ కలిపి రెండు వేల డాలర్ల పైనే అయింది. ఏడిచాను, కట్టాను.

వాట్సాప్ గ్రూపులో అయితే అందరూ సుప్రీం కోర్టు జడ్జీలే. "నీకు హక్కులు చదివి వినిపించలేదు కదా, కేసు కొట్టేస్తారు" అని ఒకాయన. సినిమాలు చూసి చెప్పే మాట అది. మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని పెట్టుకోవచ్చు లాంటి ఆ హక్కులు చదవకుండా కస్టడీలో ప్రశ్నలు వేస్తే, మనం చెప్పిన జవాబుల్ని మన మీద వాడుకోలేరు, అంతే. నన్ను ఎవరూ ఏమీ అడగనే లేదు.

లాయర్ మాత్రం అసలు విషయం చెప్పాడు. పోలీసుతో నోటితో వాదించడం దానంతటది నేరం కాదని 1987లోనే హ్యూస్టన్ వర్సెస్ హిల్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది. అయితే చట్టం మన పక్షాన ఉన్నంత మాత్రాన బేడీలు ఆగవు. 2009 జూలైలో కేంబ్రిడ్జ్‌లో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్‌ని ఆయన సొంత ఇంటి దగ్గరే ఇదే డిసార్డర్లీ కాండక్ట్ పేరుతో పట్టుకెళ్ళారు. ఐదు రోజుల్లో కేసు తీసేశారు, ఆ నెలాఖరుకి ఒబామా ఆయన్నీ ఆ పోలీసునీ పిలిచి బీరు తాగించాడు. మనకి వైట్ హౌస్ బీరు దొరకదు. మనకి దొరకాల్సింది సాక్షి.

అసలు నేను ఇదంతా రాస్తున్నది ఈ మాట కోసమే. ఆ రోజు తీన్మార్ ఆడినవాళ్ళు ముప్పై మంది. మర్నాడు ఫోన్లు చేస్తే ఒకరి హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంది, ఇంకొకరి గ్రీన్ కార్డ్ చివర్లో ఉంది, మరొకరు "అన్నా, నేనప్పుడు ప్లేట్లు తేవడానికి లోపలికెళ్ళా" అన్నారు. ప్లేట్లు తేవడానికి పదకొండు మంది వెళ్ళారని లెక్క తేలింది! ఎవరి కోసమైతే నేను నోరు తెరిచానో ఆ కుర్రాడు నంబరే మార్చేశాడు. వాణ్ణి తప్పుపట్టను, వాడి భయం వాడిది. మిగతావాళ్ళని మాత్రం ఇప్పటికీ తప్పుపడతాను. ఏటా చందా ఇస్తారు, ఫొటోలో ముందు వరసలో ఉంటారు. జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కలు రాసివ్వడానికి పెన్ను దొరకదు. చూసింది చెప్పినంత మాత్రాన వీసా పోదని ఇమిగ్రేషన్ లాయర్ స్పీకర్ ఫోన్లో చెప్పినా వినలేదు.

ఒప్పుకున్నది పళ్ళెం అందుకున్న పెద్దావిడ. ఆవిడ కూతురు వద్దంటే, "చూసింది చెప్పడానికి భయమెందుకే?" అని తెలుగులో రెండు పేజీలు రాసిచ్చింది. ఇంకో సాయం అనుకోకుండా దొరికింది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు డాన్సు వీడియో తీస్తూ ఆపడం మర్చిపోయాడు. అందులో సగం ఆకాశం, సగం వాడి బొటనవేలు, మధ్యలో పదిహేడు సెకన్లు నేను.

పోలీసు రిపోర్టులో ఏముందంటే, నేను "చేతులు దూకుడుగా ఊపుతూ" ఆఫీసర్ మీదికి వెళ్ళానని. వీడియోలో నా రెండు చేతుల్లోనూ ఉండ్రాళ్ళ పళ్ళెం! ఊపితే ఉండ్రాళ్ళు పడిపోవూ? లాయర్ ఆ రిపోర్టునీ వీడియోనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. ఇక్కడొక జాగ్రత్త. రిపోర్టు చేతికి రాకముందే వీడియోని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. లాయర్‌కి ఇచ్చి ఊరుకోండి. ఆ రాత్రే ఎవరు ఏమన్నారో, ఏ వరసలో జరిగిందో కాయితం మీద రాసుకోండి, నెల పోతే మీ జ్ఞాపకమే మిమ్మల్ని మోసం చేస్తుంది. స్టేషన్ వీడియో, కారు కెమెరా ఉంటే చెరిపేయకుండా ఉంచమని లాయర్ చేత వెంటనే ఉత్తరం రాయించండి.

కోర్టు వరండాలో ప్రాసిక్యూటర్ బేరానికి వచ్చాడు. పెద్ద కేసు తీసేస్తాం, ఊరి నాయిస్ ఆర్డినెన్స్ (శబ్దాల మీద స్థానిక నిబంధన) కింద ఒప్పుకుని జరిమానా కట్టు, అరెస్టుకి తగిన కారణం ఉందని సంతకం పెట్టు అన్నాడు. చాలామందికి ఇది మంచి బేరమే కావచ్చు. నేను ఆ సంతకం దగ్గర ఆగిపోయాను. దాని తర్వాత అరెస్టు తప్పని నేను ఎక్కడా అనలేను. వద్దన్నాను. రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి వీడియో చూశాక ప్రాసిక్యూటరే కేసు కొట్టేయమని జడ్జిని అడిగాడు. అంతా నాలుగు నిమిషాలు.

అప్పుడే కోర్టు సీలు వేసిన డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాయితం) కాపీలు ఐదు తీసుకున్నాను. రికార్డు చెరిపించుకోవచ్చు కానీ ముందు ఈ కాపీలు తీసుకోండి. చెరిపించాక ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. ఒక కాపీ ఇప్పటికీ పాస్‌పోర్ట్‌తోపాటే తిరుగుతుంది.

కేసు కొట్టేసిన రోజున ఆ పెద్దావిడ పట్టుచీర కట్టుకుని మొదటి బెంచీలో కూర్చుంది. ఆవిణ్ణి పిలవాల్సిన అవసరమే రాలేదు. బయటికొచ్చాక, "మరి నన్ను అడగలేదేం?" అని కాస్త చిన్నబుచ్చుకుంది. కార్లో ఇంటికొచ్చే దారంతా ఆవిడ చెప్పాలనుకున్నదంతా నాకే చెప్పింది.

(డప్పులు రెండూ ఒకాయన అరువుగా తీసుకెళ్ళి ఇంతవరకూ తిరిగివ్వలేదు. ఆయనా ప్లేట్ల కోసం లోపలికెళ్ళినవాళ్ళలో ఒకడే.)