పొరుగు దేశాలు కలగజేసుకుంటే వేర్పాటు గొడవ తీరుతుందా? బూగన్‌విల్‌లో నేను చూసింది

"శ్రీలంకలో మన దేశం మధ్యలో దూరి చేతులు కాల్చుకుంది కదా, ద్వీప దేశాల్లో వేర్పాటు గొడవను పొరుగువాళ్లు మాట్లాడి తీర్చిన సందర్భం ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. ఉందండీ. పూర్తిగా తీరిందని చెప్పలేను గానీ తుపాకులైతే ఆగాయి. అది ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న ద్వీప దేశం పాపువా న్యూ గినీలోని బూగన్‌విల్ దీవులు. నేను 2009 నుంచి 2014 దాకా ఆ దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూశాను. ఏడాదికి రెండుసార్లు స్టాక్ లెక్క చూడటానికి బూగన్‌విల్‌లోని బూకా ఊరికి పంపేవాళ్లు. రాజకీయాలు చదువుకున్నవాణ్ని కాదు. అక్కడి గోడౌన్‌లో విన్నదీ, ఆ తర్వాత ఆసక్తి పుట్టి చదివిందీ కలిపి రాస్తున్నాను.

ముందు గొడవ ఏంటో కొంచెం చెప్పాలి. బూగన్‌విల్ జనం రంగులోనూ బంధుత్వాల్లోనూ పక్కనున్న సోలమన్ దీవులకు దగ్గర. వలస పాలకులు గీసిన గీత వల్ల పాపువా న్యూ గినీలో పడ్డారు. 1975 సెప్టెంబరు 16న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దానికి రెండు వారాల ముందే, సెప్టెంబరు 1న, వీళ్లు "మాది వేరే దేశం" అని ప్రకటించుకున్నారు. అప్పటికి ఎలాగో సర్దుకున్నారు. అసలు చిచ్చు పంగునా రాగి గనితో వచ్చింది. 1972లో మొదలైన ఆ గని ఒక్కటే దేశ ఎగుమతుల్లో 40 శాతానికి పైగా ఇచ్చేది. డబ్బు పోర్ట్ మోర్స్‌బీకీ విదేశీ వాటాదారులకీ పోయింది, గని మట్టి మాత్రం జాబా నదిలో పడింది. అక్కడ భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. అలాంటి చోట భూమి పాడైతే ఆడవాళ్ల ఆస్తి పోయినట్టే. 1988 చివర్లో ఫ్రాన్సిస్ ఓనా అనే మాజీ గని ఉద్యోగి మనుషులు కరెంటు టవర్లు పేల్చారు. 1989 మేలో గని మూతపడింది. తర్వాత దాదాపు పదేళ్లు యుద్ధం, సముద్రం మీద దిగ్బంధం, మందుల్లేక చావులు. చనిపోయినవాళ్లు పదిహేను నుంచి ఇరవై వేలు అని ఎక్కువగా చెప్తారు. ఈ లెక్క మీద తగాదా ఇంకా ఉంది.

మధ్యవర్తిత్వం మొదటిసారే ఫలించిందనుకోకండి. 1990 ఆగస్టులో న్యూజిలాండ్ నౌక ఎండెవర్ మీద ఒక ఒప్పందం, 1991 జనవరిలో సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో ఇంకోటి, రెండూ నిలబడలేదు. 1994లో టోంగా, ఫిజీ, వనువాటు సైనికుల రక్షణలో బూగన్‌విల్‌లోని అరావా ఊళ్లో శాంతి సభ పెట్టారు. బీఆర్ఏ అనే తిరుగుబాటు సైన్యం పెద్ద నాయకులు ప్రాణభయంతో రానేలేదు. పెళ్లికొడుకు రాని పెళ్లి అన్నమాట. 1997లో ప్రధాని జూలియస్ చాన్ విసిగిపోయి శాండ్‌లైన్ అనే కిరాయి సైన్యాన్ని 3 కోట్ల 60 లక్షల డాలర్లకు మాట్లాడుకున్నాడు. సొంత సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ ఎదురుతిరిగి ఆ కిరాయి వాళ్లనే పట్టుకుని దేశం దాటించాడు. చాన్ పదవి నుంచి పక్కకు తప్పుకున్నాడు. అందరూ అలసిపోయారు. ఆ సమయం చూసుకునే న్యూజిలాండ్ మళ్లీ కదిలింది.

నా దృష్టిలో కీలకం ఇక్కడే ఉంది. 1997 జులైలో క్రైస్ట్‌చర్చ్ దగ్గర బర్నమ్ సైనిక శిబిరంలో మొదటి సమావేశం జరిగింది. దానికి పాపువా న్యూ గినీ ప్రభుత్వాన్ని పిలవలేదు! వచ్చినవాళ్లంతా బూగన్‌విల్ వాళ్లే. ఒకవైపు తిరుగుబాటుదారులు, ఇంకోవైపు ప్రభుత్వంతో కలిసి పనిచేసిన బూగన్‌విల్ నాయకులు, వాళ్లతో పాటు ఆడవాళ్లు, పెద్దమనుషులు. న్యూజిలాండ్ చోటిచ్చింది, అన్నం పెట్టింది, విమానాలు పంపింది. ఒప్పందం ఇలా ఉండాలని కాగితం రాసి చేతిలో పెట్టలేదు. ముందు మీలో మీరు తేల్చుకోండి అంది. ప్రభుత్వంతో మాటలు ఆ తర్వాత అక్టోబరులో, అక్కడే. 1998 జనవరిలో న్యూజిలాండ్‌లోనే లింకన్ అనే చోట ఇంకో ఒప్పందం, ఏప్రిల్ 30న శాశ్వత కాల్పుల విరమణ.

శ్రీలంకతో పోల్చి చూడండి. 1987 జులై 29 నాటి ఒప్పందం మీద సంతకాలు రాజీవ్ గాంధీవి, జయవర్ధనేవి. కొట్టుకుంటున్న టైగర్లు సంతకం పెట్టలేదు. మన సైన్యం ఆయుధాలతో వెళ్లింది, అక్టోబరుకల్లా ఆ టైగర్లతోనే యుద్ధంలో పడింది, సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొచ్చింది. బూగన్‌విల్‌కు వచ్చిన పర్యవేక్షకులు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనువాటు వాళ్లు. ఒక్కరి దగ్గరా తుపాకీ లేదు. మీ ప్రాణాలకు మాదే పూచీ అని రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి: అక్కడ పెద్దన్న ఆస్ట్రేలియా. కానీ ఒకప్పటి పాలకులు వాళ్లే, ప్రభుత్వ సైన్యానికి హెలికాప్టర్లు ఇచ్చిందీ వాళ్లే. అందుకే మొదట వెనక నిలబడి, చిన్న దేశాన్ని ముందు నడవనిచ్చారు. మన ఢిల్లీకి అంత ఓపిక ఉండేదా అంటే నాకు అనుమానమే.

ఇక నా గోడౌన్ సంగతి. బూకాకూ పెద్ద దీవికీ మధ్య సన్నటి జలసంధి ఉంటుంది, కరెంటు మోటారు పెట్టినట్టు లాగేస్తుంది నీళ్లు. దాన్ని ఫైబర్ పడవలో దాటుతూ నేను గాయత్రి మంత్రం చదువుకునేవాణ్ని. మా దగ్గర స్టోర్‌కీపర్ ఒకప్పుడు బీఆర్ఏ మనిషి. లోడింగ్ చూసే ఆయన రెసిస్టెన్స్, అంటే ప్రభుత్వం పక్షాన బీఆర్ఏతో పోరాడిన స్థానిక దళం. మధ్యాహ్నం ఇద్దరూ రేకుల కట్ట మీద కూర్చుని ఒకే సంచిలో వక్కలు పంచుకునేవాళ్లు. వాళ్లు తమలపాకు వెయ్యరు, ఆ తీగకు కాసే పొడుగాటి కాయను సున్నంలో అద్దుకుని వక్కతో కొరుకుతారు. ఒకసారి తెలివితక్కువగా అడిగేశాను, "మీరిద్దరూ ఎప్పుడైనా ఎదురుబొదురు కాల్చుకున్నారా?" అని. కాసేపు మాట లేదు. తర్వాత లోడింగ్ ఆయన "ఈయన దళం మా మేనమామని చంపింది బాస్. బెల్ కోల్ అయిపోయింది" అన్నాడు.

వాళ్ల టోక్ పిసిన్ భాషలో బెల్ అంటే కడుపు. బెల్ హాట్ అంటే కోపం, అచ్చంగా మన కడుపుమంట. బెల్ కోల్ అంటే కడుపు చల్లబడటం. మా నాయనమ్మ "నీ కడుపు చల్లగుండ" అనేది గుర్తొచ్చి నాకు ఒళ్లు ఝల్లుమంది. అది ఉత్త మాట కాదు, ఒక తంతు. రెండు కుటుంబాలూ కూర్చుని జరిగింది చెప్పుకుంటాయి, బాణాలు విరుస్తారు, పందిని కోస్తారు, గవ్వల డబ్బు ఇస్తారు, కలిసి వక్క నములుతారు. ఊరూరా ఇలాంటివి ఏళ్ల తరబడి జరిగాయి. విదేశీ పర్యవేక్షకులు చేసింది చాలావరకు ఆ జనం భయం లేకుండా ఒకచోట కూర్చునేలా చూడటమే.

ఆయుధాల పద్ధతి కూడా స్టోర్‌కీపరే చెప్పాడు. 2001 ఆగస్టు 30న అరావాలో చేసుకున్న శాంతి ఒప్పందం ప్రకారం తుపాకులు ఇనుప కంటెయినర్లలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి స్థానిక కమాండర్ దగ్గర, రెండోది ఐక్యరాజ్యసమితి దగ్గర. అన్నీ లోపలికి పోలేదు లెండి. ఫ్రాన్సిస్ ఓనా ఈ ఒప్పందంలో చేరకుండానే 2005లో పోయాడు.

అదే ఒప్పందం అసలు ప్రశ్నను వాయిదా వేసింది. స్వయంపాలన ప్రభుత్వం వచ్చిన పది నుంచి పదిహేనేళ్లలో రెఫరెండం, అంటే వేరే దేశం కావాలా అని జనం ఓటు; దాని ఫలితం మీద ఆఖరి మాట పాపువా న్యూ గినీ పార్లమెంటుది. అప్పటికి అందరి పరువూ దక్కింది. 2014 జూన్‌లో మన రాష్ట్రం విడిపోయినప్పుడు స్టోర్‌కీపర్ నన్ను అడిగాడు, "మీరూ విడిపోయారట కదా, తుపాకులు ఎవరి దగ్గర పెట్టారు?" అని. మాది ఖమ్మం. అది దేశం నుంచి విడిపోవడం కాదు, దేశంలోనే ఇంకో రాష్ట్రం, పార్లమెంటులో బిల్లు పాసైంది అని చెప్పడానికి అరగంట పట్టింది. "ఓహో, మీకు పార్లమెంటు సంతకం పెట్టింది" అన్నాడు.

2019 నవంబరు, డిసెంబరుల్లో వాళ్ల రెఫరెండం జరిగింది. స్వాతంత్ర్యానికి 97.7 శాతం. తానూ లోడింగ్ ఆయనా ఒకే లైన్లో నిలబడి ఓటేశామని స్టోర్‌కీపర్ వాట్సాప్‌లో చెప్పాడు. ఆ ఫలితానికి చట్టపరమైన కట్టుబాటు లేదు. 2025 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ మళ్లీ అదే బర్నమ్‌కి వెళ్లి కూర్చున్నాయి. బూగన్‌విల్ నాయకులు 2027 సెప్టెంబరు 1 అని ముహూర్తం పెట్టుకున్నారు. ఈమధ్య ఫోన్ చేస్తే లోడింగ్ ఆయనే ఎత్తాడు, స్టోర్‌కీపర్ తోటకి వెళ్లాడట. పార్లమెంటు సంగతేంటని అడిగాను. "ఇంకా సంతకం పెట్టలేదు బాస్" అన్నాడు.