కన్సెప్షన్ అంటే గర్భమా, ఆలోచనా? ఇన్‌సెప్షన్ కూడా అదేనా?

రెండూ కరెక్టేనండి. ఒకచోట గర్భం అని, ఇంకోచోట ఆలోచన అని కనిపిస్తోంది, ఏది నిజం అని అడిగారు కదా, నేను ఆరోగ్యానికి సంబంధించిన కరపత్రాలు తెలుగులో రాస్తుంటాను, ఈ పదంతో తరచూ పని పడుతుంది కాబట్టి తెలిసింది చెప్తా.

దీనికి మూలం లాటిన్‌లో కాన్‌కిపెరె అనే క్రియ. అందులో ఉన్న కాపెరె అంటే పట్టుకోవడం, తీసుకోవడం, ముందున్న కాన్ ఆ పట్టుకి బలం ఇస్తుంది. లోపలికి తీసుకుని నిలుపుకోవడం అన్నమాట. కడుపులో నిలిస్తే బిడ్డ, బుర్రలో నిలిస్తే ఆలోచన, లాటిన్ వాళ్లే రెండిటికీ వాడేశారు. ఫ్రెంచ్ మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది, ముందు గర్భం అర్థంలో, ఆ శతాబ్దంలోనే ఆలోచన అర్థంలో కూడా. మనకి ఇదేం వింత కాదు, గర్భధారణలో ఉన్న ధారణే ధారణశక్తి అన్నప్పుడూ ఉంది, ఒకచోట మోయడం ఇంకోచోట గుర్తుంచుకోవడం. నాకు ఈ పోలిక భలే ఇష్టం.

రిసీవ్, పర్సీవ్, డిసీవ్, కాన్సెప్ట్ అన్నీ ఆ కాపెరె పిల్లలే. కన్సీట్ కూడా, మొదట్లో దానికి ఉత్త ఆలోచన అనే అర్థం, తర్వాత తన గురించి తను గొప్పగా అనుకోవడం అయ్యి ఇప్పుడు పొగరు దగ్గర ఆగింది.

చుట్టూ ఉన్న మాటలు చూసుకుని అర్థం తీయాలి. ఓసారి మా టీమ్‌కి వచ్చిన కరపత్రం హెడ్డింగ్ ప్రీకన్సెప్షన్ కేర్, ఒకరు దాన్ని ముందస్తు అభిప్రాయాలు అని రాసేశారు, కింద చూస్తేనేమో ఫోలిక్ యాసిడ్ ఎప్పటినుంచి వేసుకోవాలో ఉంది! అక్కడ అది గర్భం రాకముందు తీసుకునే జాగ్రత్తలు. మిస్‌కన్సెప్షన్ మాత్రం అపోహే, కాంట్రాసెప్షన్ గర్భనిరోధమే, వాటితో గొడవ లేదు. స్కానింగ్ రిపోర్ట్ చదివేవాళ్లకి ఇంకో మాట, అందులో 6 వారాలు అని ఉంటే కన్సెప్షన్ అయ్యి 6 వారాలని కాదు, లెక్క చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి వేస్తారు, కాబట్టి కన్సెప్షన్ జరిగి సుమారు 4 వారాలే.

ఇక ఇన్‌సెప్షన్. ఇదీ కాపెరె నుంచే గానీ ముందు ఇన్ చేరింది, పని చేతిలోకి తీసుకోవడం, అంటే మొదలెట్టడం. మ్యూచువల్ ఫండ్ కాగితాల్లో సిన్స్ ఇన్‌సెప్షన్ అని ఉంటే ఫండ్ మొదలైన రోజు నుంచి అని, అంతే. వేరేవాళ్ల మనసులో ఆలోచన నాటడం అనే అర్థం 2010లో అదే పేరుతో వచ్చిన సినిమా తర్వాత జనం నోట పడింది, పరీక్షలో అడిగితే మాత్రం ప్రారంభం అనే రాయండి.