ప్రైమరీలో ఓటు ఎవరికి? నా సమాధానం

తమ్ముడూ, అమెరికా పౌరసత్వం వచ్చాక ఇదే మొదటి ప్రైమరీ (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగు), మనసుకు నచ్చినాయనకు వేయాలా, గెలిచేటట్టున్నాయనకా అని టెన్షన్ పడుతున్నావు. ప్రైమరీలో నచ్చినాయనకే వేయి, రాజీ సంగతి నవంబరులో అసలు ఎన్నికలప్పుడు చూసుకో. రిస్కు లేదనను. 1972లో డెమోక్రాట్లు మెక్‌గవర్న్‌ను అధ్యక్ష పదవికి నిలబెడితే మసాచుసెట్స్, వాషింగ్టన్ డీసీ తప్ప అన్ని రాష్ట్రాలూ పోయాయి.

అట్లని గెలుపు లెక్కలనూ నమ్మలేం. మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారినే చూడు: 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయ్యుండీ వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. ఇంటికొచ్చి సేద్యం చూసుకున్నారు. 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి! మనిషి మారలేదు, గాలి మారింది.

ముందు ఒక పని చెయ్యి. కొన్ని రాష్ట్రాల్లో పార్టీ పేరుతో నమోదైతేనే ప్రైమరీ ఓటు. గడువు ఎప్పుడో ఈరోజే చూసుకో.