పాఠకుల ప్రశ్నలు: దూరదేశపు జట్టు ఆటను తక్కువ ఖర్చుతో చూడడం ఎలా?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. డిగ్రీ చదువుతున్న మా అబ్బాయికి ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. వాడి కోసం కేబుల్‌లో స్పోర్ట్స్ ప్యాకేజీ, పైన రెండు యాప్‌లు తీసుకుని నెలనెలా కడుతున్నాం. అయినా అప్పుడప్పుడు “ఈ మ్యాచ్ మన టీవీలో రాదు నాన్నా” అంటాడు. ఇంత కట్టినా ఎందుకు రాదు? ఖర్చు తగ్గే దారి ఏదైనా ఉందా?
– ఒక తండ్రి, కె.ఆర్.పురం

జవాబు: మీ అబ్బాయి అభిమానించేది జట్టును, టీవీ సంస్థలు కొనేది పోటీని. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆర్సెనల్ ఒకే సీజన్‌లో ప్రీమియర్ లీగ్, ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్ ఆడుతుంది. అర్హత సాధించిన ఏడాది వీటికి తోడు యూరప్‌లోని మేటి జట్లు తలపడే ఛాంపియన్స్ లీగ్ కూడా ఆడుతుంది. ఈ నాలుగు పోటీలనూ నడిపేవి నాలుగు వేర్వేరు సంస్థలు, వాటి ప్రసార హక్కులు అమ్ముడయ్యేదీ విడివిడిగానే. మన దేశంలో ప్రీమియర్ లీగ్ స్టార్ స్పోర్ట్స్ ఛానళ్లలోనూ జియోహాట్‌స్టార్‌లోనూ వస్తుంటే, ఛాంపియన్స్ లీగ్ సోనీ స్పోర్ట్స్ ఛానళ్లలోనూ సోనీలివ్‌లోనూ వస్తుంది. అందువల్ల ఏదో ఒక “స్పోర్ట్స్ ప్యాకేజీ” తీసుకున్నంత మాత్రాన ఒక జట్టు ఆటలన్నీ ఇంటికి రావు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పోటీని వదలకుండా చూడాలనుకుంటున్నాడో, దేనిలో ఫలితం తెలిస్తే చాలునో ముందు అడగండి. ఖర్చు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

“రాదు నాన్నా” అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, జట్టుకు 38 మ్యాచ్‌లు, అన్నీ కలిపితే 380. శనివారం ఒకే వేళకు నాలుగైదు మ్యాచ్‌లు మొదలైనప్పుడు ఛానల్ వాటిలో ఒకటి రెండిటినే చూపగలదు, మిగిలినవి యాప్‌లోనే చూడాలి. కాబట్టి ఒకే జట్టును వెంబడించేవారికి ఛానల్ కంటే యాప్ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, స్మార్ట్ టీవీ ఇప్పటికే ఉంటే ప్రీమియర్ లీగ్‌కు యాప్‌ను ఉంచుకుని, కేబుల్‌లోని స్పోర్ట్స్ ప్యాకేజీని మానేయవచ్చు. అయితే యాప్ ప్లాన్ తీసుకునేటప్పుడు అది ఫోన్‌కు మాత్రమే పనిచేసేదా, టీవీలో కూడా తెరుచుకునేదా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోవాలి. ఫోన్ ప్లాన్ చౌకగా కనబడుతుంది గాని దానితో టీవీలో ఆట చూడడం కుదరదు.

కేబుల్ మానడం ఇష్టం లేకపోతే దానిలోనూ మిగుల్చుకోవచ్చు. టెలికం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2019లో అమలు చేసిన నిబంధనల ప్రకారం ప్రతి పే ఛానల్‌నూ విడిగా ఎంచుకునే హక్కు వినియోగదారుకు ఉంది. ధర 19 రూపాయలకు మించిన ఛానల్‌ను ప్యాకేజీలో కలపకూడదన్న నియమం 2023 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. ఆచరణలో మాత్రం ఆపరేటర్ ఏ ప్యాకేజీ పెడితే అదే మనం కడుతూ పోతాం. కిందటేడు ఒక ఆదివారం మా ఇంట్లో రిమోట్‌తో సెట్‌టాప్ బాక్స్ మెనూలోకి వెళ్లి, మేము డబ్బు కడుతున్న ఛానళ్ల జాబితాను పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాను. స్పోర్ట్స్ ఛానళ్లే ఎనిమిది తేలాయి. మేము చూసేవి రెండు. మిగిలినవాటిలో మూడు ఒకే ఛానల్‌కు వేర్వేరు భాషల రూపాలు, ఒకటి మేము చూసే ఛానల్‌కే హెచ్‌డీ జంట. వాటిని తీసేయమని ఆపరేటర్‌కు మూడుసార్లు చెప్పవలసి వచ్చింది, నాలుగోసారి కాగితం మీద రాసిచ్చాక గాని బిల్లు మారలేదు. మీరు మొదటే రాసివ్వండి. హెచ్‌డీ ఛానల్‌కు ధర ఎక్కువ. 32 అంగుళాల టీవీలో గది అవతలి నుంచి చూసేవారికి మామూలు ఛానల్ సరిపోతుంది.

ఛాంపియన్స్ లీగ్ సంగతి వేరు. 2024లో మారిన పద్ధతి ప్రకారం 36 జట్లు ఉంటాయి, తొలి దశలో ఒక్కో జట్టు ఆడేది 8 మ్యాచ్‌లే, అవి కూడా సెప్టెంబరు నుంచి జనవరి దాకా పరుచుకుని ఉంటాయి. ఎనిమిది మ్యాచ్‌ల కోసం ఏడాది చందా కట్టడం దండగ. కేబుల్‌లో ఆ ఒక్క ఛానల్‌ను ఆ నెలలకే తీసుకోండి, లేదా యాప్‌లో నెలవారీ ప్లాన్ ఉంటే మ్యాచ్‌లు ఉన్న నెలల్లో కట్టి మిగిలిన నెలల్లో ఆపండి. జట్టు ముందుకు వెళ్తే ఫిబ్రవరిలో మళ్లీ చూసుకోవచ్చు. మే చివరి నుంచి ఆగస్టు దాకా యూరప్ లీగ్‌లకు సెలవు. ఆ రెండు నెలల ఆటోమేటిక్ చెల్లింపును ఆపడం చాలామంది మరిచిపోతారు. మే నెలాఖరున ఫోన్‌లో ఒక గుర్తు పెట్టుకోండి.

వేళల గురించి ఒక మాట. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మన గడియారం ఇంగ్లండ్ కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, మిగిలిన కాలంలో ఐదున్నర గంటలు. అక్కడ శనివారం మధ్యాహ్నం 3 గంటల ఆట మనకు సాయంత్రం ఏడున్నరకో ఎనిమిదిన్నరకో వస్తుందన్నమాట. ఆ ఆటను ఇంగ్లండ్‌లో ఉన్నవారు టీవీలో చూడలేరు. శనివారం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్‌ను ప్రత్యక్షంగా చూపకూడదన్న నియమం అక్కడ 1960ల నుంచి ఉంది, చిన్న జట్ల మైదానాలకు జనం రావడం మానేయకూడదన్నదే దాని ఉద్దేశం. లండన్‌లో ఇంట్లో కూర్చున్న అభిమానికి దొరకని ఆట కె.ఆర్.పురంలో మీ ఇంటిల్లిపాదీ అన్నాల వేళకు దొరుకుతోంది. మీరూ ఒకసారి అబ్బాయి పక్కన కూర్చుని చూడండి.

ప్రశ్న: నేను మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. స్పెయిన్‌లోని బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు ఆట చూడాలని ఉంటుంది, కానీ ఇక్కడ టీవీ లేదు, రాత్రి అయ్యేసరికి వైఫై పనిచేయదు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే మొబైల్ రీఛార్జ్ ఒక్కటే నాకు దిక్కు. దానితో ఏమైనా కుదురుతుందా?
– ఒక ఉద్యోగిని, మారతహళ్లి

జవాబు: కుదురుతుందమ్మా, కాస్త లెక్క చూసుకోవాలి. మామూలు నాణ్యతలో ఫోన్ మీద చూస్తే గంటకు ఒక జీబీ లోపే ఖర్చవుతుంది, హెచ్‌డీలో చూస్తే రెండు మూడు జీబీల దాకా పోతుంది. విరామంతో కలిపి ఒక మ్యాచ్ రెండు గంటలు పడుతుంది కనుక, యాప్ సెట్టింగ్స్‌లో నాణ్యతను “ఆటో”లో వదలకుండా మీరే తగ్గించి పెట్టండి. స్పెయిన్‌లో రాత్రి 9 గంటలకు మొదలయ్యే ఆట మనకు వేసవిలో పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు వస్తుంది. నిద్రకు అది కష్టమే గాని డేటాకు మేలు: రోజువారీ డేటా అర్ధరాత్రి కొత్తగా జమ అవుతుంది కాబట్టి మ్యాచ్ మొదలయ్యేసరికి ఆ రోజు వాటా అంతా మీ చేతిలోనే ఉంటుంది.

స్పెయిన్ లీగ్ అయిన లా లిగా హక్కులు మన దేశంలో తరచుగా చేతులు మారాయి. 2018 నుంచి మూడేళ్లు ఫేస్‌బుక్‌లో ఉచితంగా చూశాం. 2021లో అవి వయాకామ్18 అనే టీవీ సంస్థకు వెళ్లినప్పుడు పాటలు వచ్చే ఎంటీవీలో ఫుట్‌బాల్ కనబడింది. 2025లో ఫ్యాన్‌కోడ్ అనే యాప్‌కు వచ్చాయి. అందుకే నేను ఎవరికీ ఒక లీగ్‌ను నమ్ముకుని రెండేళ్ల చందా ఒకేసారి కట్టమని చెప్పను. ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందు హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకున్నాకే కట్టాలి. ఫ్యాన్‌కోడ్‌లో ఒక్క మ్యాచ్‌కు పాస్ కొనుక్కునే వీలు ఉంటుంది. నెలకు రెండు మ్యాచ్‌లు మాత్రమే చూడగలిగిన మీలాంటివారికి అది నప్పుతుంది. వారం వారం చూసేవారు మాత్రం సీజన్ పాస్ ధరతో పోల్చుకోవాలి. మీ రీఛార్జ్‌తో పాటే ఏదైనా యాప్ ఉచితంగా వస్తోందేమో కూడా ఒకసారి ఆపరేటర్ యాప్‌లో చూడండి. ఉన్న చందా తెలియక మళ్లీ కొన్నవారిని నేను ఎరుగుదును.

చర్చ్ స్ట్రీట్‌లోనో కోరమంగళలోనో పెద్ద తెర మీద చూద్దామని స్నేహితులు పిలుస్తారు. వందమంది మధ్య నిలబడి చూసే ఆనందం గదిలో రాదు, అది నిజం. కానీ అక్కడ ఒక రాత్రికి అయ్యే తిండి ఖర్చుతో, పైన తిరుగు క్యాబ్ ఛార్జీతో, గదిలో ఎన్నో మ్యాచ్‌లు చూడవచ్చు. బార్సిలోనాకు చిరకాల ప్రత్యర్థి అయిన రియల్ మాడ్రిడ్‌తో ఆట ఉన్న రోజు వెళ్లండి, మిగిలిన రోజుల్లో ఫోన్ చాలు. యాప్‌లో ఆట కేబుల్ కంటే అరనిమిషం దాకా వెనకబడి వస్తుంది. మీరు కార్నర్ కిక్ కోసం చూస్తుండగానే పక్క ఇంట్లో కేబుల్ పెట్టుకున్నవారి కేక గోడ దాటి వస్తే గోల్ పడిందని ముందే తెలిసిపోతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, స్కోర్ నోటిఫికేషన్లు, వాట్సాప్ గ్రూపులు ఆ రెండు గంటలూ మ్యూట్‌లో ఉంచండి.

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. మాది సికింద్రాబాద్, ఇప్పుడు రాజాజీనగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ పిచ్చి. ఒకసారి డబ్బు కడితే ఏడాదంతా ప్రపంచంలోని అన్ని మ్యాచ్‌లూ వచ్చే బాక్స్ ఇస్తానని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా? లేక ఫ్రీ డిష్ పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజాజీనగర్

జవాబు: ఆ బాక్స్ తీసుకోకండి. హక్కులు లేకుండా దొంగిలించిన ప్రసారాలను అది ఇంటర్నెట్ ద్వారా చూపిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రసార సంస్థలకు తమ ప్రసారాలపై ప్రత్యేక హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఆధారంగా కోర్టులు ఇలాంటి ప్రసారాలను ఎప్పటికప్పుడు నిలిపివేయిస్తున్నాయి. అక్టోబరులో మీరు కట్టిన డబ్బు డిసెంబరులో బాక్స్ నల్లబడితే తిరిగి రాదు, రసీదు కూడా ఉండదు. ఇంటి వైఫైకి తగిలించిన ఆ పరికరంలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, అది మీ అమ్మాయి బ్యాంకు వివరాల దాకా వెళ్తుందో లేదో చెప్పగలవారు లేరు.

డీడీ ఫ్రీ డిష్ నిజంగానే మంచి ఏర్పాటు, ఒకసారి డిష్ కొంటే నెలవారీ రుసుము లేదు. కానీ పే స్పోర్ట్స్ ఛానళ్లు దానిలో రావు. దేశానికి ముఖ్యమని ప్రభుత్వం గుర్తించిన పోటీల సిగ్నల్‌ను దూరదర్శన్‌తో పంచుకోవాలని క్రీడా ప్రసారాలపై వచ్చిన 2007 చట్టం చెబుతుంది, అయితే యూరప్ క్లబ్‌ల ఆటలు ఆ పరిధిలోకి రావు. మీకు నేను చెప్పేది ఒక్క ఛానల్, విడిగా, అదీ మామూలు నాణ్యతలో తీసుకోమని. చూడలేకపోయిన మ్యాచ్‌ల హైలైట్స్ యూట్యూబ్‌లో లీగ్‌ల, క్లబ్‌ల సొంత పేజీలలో ఉచితంగా దొరుకుతాయి. మీ వయసువారికి, అందునా సికింద్రాబాద్ వారికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కోచ్ రహీం సాబ్ శిక్షణలో, మీ ఊరి బలరాం ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణం గెలవడం గుర్తుండే ఉంటుంది. అంత ప్రేమ ఉన్నవారు అర్ధరాత్రి మేలుకోవడానికి కూడా వెనకాడరని తెలుసు, కానీ ఆరోగ్యం చూసుకోండి. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను 2026 నుంచి యూరప్ కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటలకే మొదలుపెట్టాలని నిర్ణయించారు. మనకు అది రాత్రి 9.30 అవుతుంది, స్కోరు సమమై ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లకపోతే పదకొండున్నరకల్లా మీరు పడుకోవచ్చు.