పిల్లలకోడి మొత్తం ఒక్క చూపులో పట్టాలంటే

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర పల్లె. నా వయసు 58. ఎనిమిది అంగుళాల దర్పణం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (దర్పణం నుంచి అది కాంతిని కేంద్రీకరించే చోటికి దూరం) ఉన్న డాబ్సోనియన్ (పీఠం మీద చేత్తో తిప్పే) టెలిస్కోపు కొన్నాను. దానితో వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) కృత్తికల చుక్కల గుంపు పూర్తిగా పట్టడం లేదు. అదే రకం 40 మిల్లీమీటర్ల ఐపీస్ కొంటే సరిపోతుందని అమ్మినవారు అంటున్నారు. కొనమంటారా? - ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఐపీస్ మిల్లీమీటర్లు పెంచి ఆవర్ధనం (పెద్దదిగా చూపే శక్తి) తగ్గించిన కొద్దీ ఆకాశం ఎక్కువగా కనిపిస్తుందన్న మాట కొంతవరకే నిజం. ఐపీస్ లోపల ఒక ఉంగరం ఉంటుంది. మనకు కనిపించే గుండ్రని అంచు దానిదే. ఆ ఉంగరం వ్యాసాన్ని టెలిస్కోపు నాభ్యంతరంతో భాగించి 57.3తో హెచ్చిస్తే ఎన్ని డిగ్రీల ఆకాశం కనిపిస్తుందో తెలుస్తుంది. మీ ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలది అయివుంటుంది. ఆ గొట్టంలో ఉంగరం సుమారు 27 మిల్లీమీటర్లకు మించి పట్టదు కాబట్టి, మీ టెలిస్కోపులో దానితో సాధించగల గరిష్ఠ క్షేత్రం (కనిపించే ఆకాశపు వెడల్పు) 1.3 డిగ్రీలు. 32 మిల్లీమీటర్ల ప్లోసల్ అనే సాధారణ రకం ఐపీస్‌తోనే ఆ హద్దు వచ్చేస్తుంది. 40 మిల్లీమీటర్లది కొన్నా అదే ఆకాశం మరింత చిన్నదై, ఇరుకైన గొట్టంలోంచి చూసినట్లు కనిపిస్తుందే తప్ప ఒక్క చుక్క కూడా అదనంగా రాదు.

మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన ఈ కృత్తికల గుంపు దాదాపు రెండు డిగ్రీల మేర, అంటే నాలుగు చంద్రబింబాలను పక్కపక్కన పేర్చినంత వెడల్పున, పరుచుకుని ఉంటుంది. మీ 25 మిల్లీమీటర్ల ఐపీస్ చూపేది ఒక డిగ్రీకి కాస్త అటూఇటూ. కచ్చితంగా తెలుసుకోవాలంటే ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలం నడుము మీది మూడు చుక్కల్లో ముందుగా ఉదయించేదాన్ని అంచున నిలిపి, టెలిస్కోపును కదపకుండా, అది క్షేత్రం మధ్యగా సాగి అవతలి అంచు దాటడానికి పట్టే సమయం చూడండి. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున లెక్క.

ఇక చేయవలసింది ఫోకసర్‌ను, అంటే ఐపీస్‌ను బిగించి ముందుకూ వెనక్కూ జరిపే భాగాన్ని, పరిశీలించడం. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్లు చాలావాటికి రెండు అంగుళాల ఫోకసరే ఉంటుంది; దానిలో ఒక అడాప్టర్ బిగించి చిన్న ఐపీస్ ఇస్తారు. అడాప్టర్ తీసేస్తే పెద్ద ఐపీస్ పడుతుంది. రెండు అంగుళాల గొట్టంలో ఉంగరం 46 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు కనుక క్షేత్రం 2.2 డిగ్రీలకు చేరుతుంది.

అయితే అక్కడ కూడా 40 మిల్లీమీటర్లది మీకు నేను సూచించను. మీ టెలిస్కోపు నాభ్యంతరం దర్పణ వ్యాసానికి ఆరు రెట్లు. ఐపీస్ మిల్లీమీటర్ల సంఖ్యను ఈ ఆరుతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతిపుంజం వ్యాసం తెలుస్తుంది. 40 మిల్లీమీటర్లకు అది 6.7 మిల్లీమీటర్లు. యౌవనంలో చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకున్నా, మీ వయసులో చాలామందికి ఐదు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన కాంతి కంట్లోకి వెళ్లదు. మీరు మోసుకొచ్చిన ఎనిమిది అంగుళాల దర్పణం ఆరు అంగుళాలదానితో సమానమవుతుంది. అందుకే 82 డిగ్రీల దృశ్యకోణం (ఐపీస్‌లో కంటికి కనిపించే వలయపు వెడల్పు) ఉన్న 30 మిల్లీమీటర్ల రెండు అంగుళాల ఐపీస్ మీకు తగినది. అది రెండు డిగ్రీలకు పైగా చూపుతుంది, కాంతి వృథా కాదు, ఆకాశపు నేపథ్యం కూడా నల్లగా ఉంటుంది. చవకరకం వాటిలో అంచున చుక్కలు సాగినట్లు కనిపిస్తాయి కనుక కొనేముందు ఒక రాత్రి పెట్టి చూడనివ్వమని అడగండి. బరువుకు గొట్టం ముందుకు వాలితే దర్పణం వైపు కొంత బరువు కట్టాలి. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీలు కాబట్టి ఇందులోనూ పూర్తిగా పట్టదు. దానికి 10×50 బైనాక్యులర్లే మేలు.

మన జిల్లాలో కృత్తికలు దాదాపు నడినెత్తిన దాటుతాయి, అక్కడ డాబ్సోనియన్‌ను సున్నితంగా తిప్పడం కష్టం. కార్తీక పౌర్ణమికి చంద్రుడు వాటి చెంతనే ఉంటాడు, పైగా అవి మనకు వానలు, తుపాన్ల రోజులు. డిసెంబరు మధ్యలో, చంద్రుడు లేని రాత్రి ఏడు గంటలకు అవి తూర్పున, సముద్రం మీదుగా, 40 డిగ్రీలకు పైన ఉంటాయి. ఒంగోలు దీపాల వెలుగు మీ వెనుక పడమట ఉండిపోతుంది. ఉప్పుగాలికి దర్పణాల మీద తేమ చేరుతుంది కనుక చూడటం ముగియగానే మూత పెట్టకుండా ఇంట్లో ఆరనివ్వండి.