క్యాసెట్ అమ్మినవాడు ఒకడు, ఊరూరా తిప్పినవాడు ఇంకొకడు

ఇంట్లో సినిమా చూసుకునే వీడియో క్యాసెట్లను మొట్టమొదట అమ్మిన కంపెనీ ఏది, అది చివరికి ఏమైంది అని అడిగారు. దాని పేరు మాగ్నెటిక్ వీడియో. అయితే 1985 నుంచి ఏడేళ్లు కావలిలో మా మేనమామ వీడియో లైబ్రరీలో కూర్చుని క్యాసెట్లు అద్దెకిచ్చిన నాకు, ఈ కథలో అమ్మినవాడికంటే అద్దెకిచ్చినవాడే పెద్దవాడని గట్టి నమ్మకం. జవాబు కాస్త అటువైపు మొగ్గితే మన్నించాలి.

ఆండ్రే బ్లే అనే ఆయన 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఈ కంపెనీ పెట్టారు. టేపులకు నకళ్లు తీసి ఇవ్వడం వారి వృత్తి. సోనీ వారి బీటామాక్స్ 1975లో, జేవీసీ వారి వీహెచ్‌ఎస్ 1976లో, రెండు వేర్వేరు రకాల క్యాసెట్ యంత్రాలుగా, బజారుకు వచ్చినా, టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకోవడానికే జనం వాటిని కొనేవారు. సినిమాను డబ్బాలో పెట్టి అమ్మడమనేది హాలీవుడ్ పెద్దలకు రుచించని మాట. బ్లే పెద్ద స్టూడియోలకు ఉత్తరాలు రాస్తే ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ ఒక్కటే బదులిచ్చింది. 1977లో 3 లక్షల డాలర్లు ముందుగాను, ఆపైన ఏడాదికి కనీసం 5 లక్షల డాలర్లు ఇచ్చే ఒప్పందం మీద 50 సినిమాలు ఆయన చేతికి వచ్చాయి. అవి కూడా అప్పటికే టీవీలో వేసేసిన పాత చిత్రాలు. క్యాసెట్ వెల సుమారు 50 డాలర్లు. పత్రికలో ప్రకటన వేయించి, 10 డాలర్ల సభ్యత్వంతో క్లబ్బు పెడితే 13,000 మంది చేరారు.

అదే ఏడాది డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే చిన్న వ్యాపారి ఆ 50 సినిమాలనే బీటాలో ఒకటి, వీహెచ్‌ఎస్‌లో ఒకటి చొప్పున కొని, రోజుకు 10 డాలర్ల అద్దెకు ఇవ్వసాగాడు. సభ్యత్వం ఏడాదికైతే 50 డాలర్లు, జీవితకాలానికైతే 100. స్టూడియోలు మండిపడ్డాయి కాని, న్యాయంగా కొనుక్కున్న ప్రతిని కొన్నవాడు అద్దెకిచ్చుకోవచ్చునని అక్కడి చట్టం ఉండడంతో ఏమీ చేయలేకపోయాయి. 50 డాలర్లు పోసి సినిమా కొనగలిగినవారు ఎందరుంటారు? కనుక క్యాసెట్టును సామాన్యుడి ఇంటికి చేర్చింది అట్కిన్సనే అంటాను.

మన వైపు ఈ వ్యవహారం 1982 ఆసియా క్రీడల నాటి రంగుల టీవీతో ఊపందుకుంది. మా మామయ్య మద్రాసు వెళ్లి బర్మా బజారులో క్యాసెట్ నడిపే డెక్కు ఒకటి కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. క్యాసెట్లన్నీ హక్కులున్నవేనని నేను బుకాయించను. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, తయారుచేసినవారి పేరు, చిరునామా, సెన్సారు సర్టిఫికెట్ నకలు డబ్బా మీద ఉండాలన్నారు. మా దగ్గర డబ్బాల మీద అవన్నీ ఉండేవి. లోపలి టేపు మాత్రం రెండు డెక్కులు కలిపి రాత్రిపూట మేము ఎక్కించినది. రెండున్నర గంటల సినిమాకు నకలు తీయడానికి రెండున్నర గంటలూ పట్టేది. బ్లే గారి కర్మాగారంలోనూ అంతే, కాకపోతే అక్కడ డెక్కులు వరుసల కొద్దీ ఉండేవి.

మా అసలు ఆదాయం పెళ్లిళ్లది. 1987 వైశాఖంలో తుమ్మలపెంట వైపు ఒక పల్లెలో పెళ్లికి మూడు సినిమాలు ఒప్పుకున్నాం. టీవీని బొంతలో చుట్టి జట్కాలో తీసుకుపోయి అరుగు మీద పెట్టాం. రెండో సినిమా సగంలో ఉండగా తెరంతా పిండి చల్లినట్టు తెల్లబడిపోయింది. సముద్రపు గాలికి బూజు పట్టిన టేపు నడిచి నడిచి, టేపు మీది బొమ్మను చదివే డెక్కు హెడ్డు మూసుకుపోయింది. తుడిచే స్పిరిట్ సీసా కావలిలోనే మరిచిపోయాం. మామయ్య డెక్కు మూత విప్పి, చదివింపులు రాసుకుంటున్న పెద్దాయన దగ్గరికి పోయి, మడత పడని పది రూపాయల నోటు ఒకటి అడిగారు. "ఏందబ్బయా, మిషనుకు కూడా చదివింపులా?" అని ఆయన నవ్వుతూనే ఇచ్చారు. హెడ్డు బిగించి ఉండే, నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్మును కదలకుండా నిలిపి, నోటును దానికి ఆనించి, వేలితో డ్రమ్మును మెల్లగా అడ్డంగా తిప్పారు. నిలువునా రుద్దితే హెడ్డు విరిగిపోతుంది. నోటు మీద నల్లటి గీత పడింది, బొమ్మ తిరిగి వచ్చింది. జనం ఈలలు వేశారు. పెద్దాయన ఆ నోటును లాంతరు దగ్గర తిప్పి తిప్పి చూసుకున్న తర్వాతే లెక్కలో కలిపారు.

బీటామాక్స్‌లో బొమ్మ స్పష్టంగా ఉండేదని, వీహెచ్‌ఎస్ అన్యాయంగా గెలిచిందని పండితులు వాదిస్తుంటే నాకు చిరాకు వేస్తుంది. తొలి బీటా క్యాసెట్లో ఒక గంటే పట్టేది. పెళ్లి పందిట్లో కూర్చున్నవారు బొమ్మ స్పష్టత గురించి ఏనాడూ అడగలేదు. సినిమా మొత్తం ఒకే క్యాసెట్లో ఉందా అనే అడిగారు. మూడు గంటల వీహెచ్‌ఎస్‌లో మన సినిమా పాటలతో సహా ఇమిడేది. ఇక తిరిగిచ్చేటప్పుడు టేపును మొదటికి వెనక్కి తిప్పకుండా ఇచ్చేవారిని మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

మాగ్నెటిక్ వీడియోను 1979లో ఫాక్స్ సంస్థే కొనేసింది. హక్కులు అమ్మినవారు, ఆ హక్కులతో ఎదిగిన కంపెనీనే తమలో కలుపుకున్నారు. ఆ పాత పేరు ఎంతోకాలం మిగలలేదు. 1982లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌తో కలిసి అది సీబీఎస్ ఫాక్స్ వీడియో అయింది. మా లైబ్రరీ కథ కూడా ఇంచుమించు అలాగే ముగిసింది. 1992లో మా వీధిలో కేబుల్ వచ్చి, ఒక్క డెక్కుతో ఊరందరికీ రోజూ సినిమా వేయసాగింది. అద్దెకు వచ్చేవారు కరువయ్యారు. మామయ్య తన డెక్కులు రెండింటినీ ఆ కేబుల్ వారికే అమ్మి, హెడ్డు తుడవడం నేర్పి రమ్మని నన్ను రెండు రోజులు వారి దగ్గరికి పంపారు.