మాంత్రికులుండగా రాజు మాట ఎందుకు చెల్లుతుంది?

వేలు ఆడిస్తే నిప్పుల బంతి పుట్టించే మాంత్రికులున్న లోకంలో రాజు సింహాసనం మీద ఎలా నిలుస్తాడు, ఆటగాళ్లు నిలదీస్తే ఏం చెప్పాలి అని మీరు అడిగారు. నాకు ఆ దెబ్బ తగిలాకే తెలిసొచ్చింది.

ఆదివారాలు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తుంటాను. ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని మాటల్లోనే కథ నడిపే ఆట ఇది. కథ అల్లి ఆడించే డీఎం నేనే. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలు మావి. మొదటి క్యాంపెయిన్‌కి (వారాల తరబడి సాగే ఆటకి) రాజుగారి హత్య, వారసుల కొట్లాట, మొత్తం మూడు నెలలకు సరిపడా కథ రాసుకున్నాను. మొదటి సెషన్‌లోనే క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) పాత్ర ఆడుతున్న అమ్మాయి తాపీగా అడిగింది: "రాజగురువు తొమ్మిదో లెవెల్ అన్నావు కదా, మరి రెయిజ్ డెడ్ వెయ్యడేంటి? ఖజానాలో ఒక్క వజ్రం కూడా లేదా?"

రెయిజ్ డెడ్ అంటే చచ్చినవాళ్లను బతికించే స్పెల్, అంటే మంత్రం. చనిపోయి పది రోజులు దాటకూడదు, 500 బంగారు నాణేల విలువ చేసే వజ్రం ఒకటి ఉండాలి. ఆత్మకు తిరిగి రావడం ఇష్టమై ఉండాలని కూడా ఆ స్పెల్‌లో ఉంది. "రాజుగారికి మళ్లీ మీ మొహాలు చూడాలని లేదట" అని తప్పించుకోవచ్చు, కానీ ఆ టెన్షన్‌లో తట్టలేదు. పావుగంటలో రాజు లేచి కూర్చున్నాడు. నా మూడు నెలల కథ ఆయన పాడె మీదే పోయింది.

తర్వాత ఆ పేజీలు మళ్లీ తిరగేస్తే ఒక చిన్న తేడా కనపడింది. చచ్చినవాళ్లను లేపే రివివిఫై అనే కింది స్థాయి స్పెల్‌కి మొత్తం 300 నాణేల విలువైన వజ్రాలు ఉంటే చాలు, చిన్న రాళ్లు పోగేసుకోవచ్చు. కానీ ప్రాణం పోయిన నిమిషంలోపే వెయ్యాలి. రెయిజ్ డెడ్‌కి మాత్రం ఒకే పెద్ద రాయి కావాలి. ఇది చదవగానే నాకు గోల్కొండ గుర్తొచ్చింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాశాడు. గనులు తవ్వుకునేవాళ్లు ఎవరైనా, పెద్ద రాళ్లు సుల్తానుకే చెందాలి.

ఈ ఒక్క నియమాన్ని తెచ్చి నా రెండో లోకంలో పెట్టాను. అంతే, మీ ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చేసింది. మంత్రం గురువుది, రాయి రాజుది. గుడిలో ఎంత గొప్ప క్లెరిక్ ఉన్నా, సేనాపతి కొడుకును లేపాలంటే ముందు కోటకు అర్జీ పెట్టుకోవాలి. ఎవరి అర్జీ ఆలస్యమవుతుందన్నదే రాజకీయం, ఎందుకంటే గడువు పది రోజులే. గని కూలీ పెద్ద రాయిని దాచుకుంటే శిక్ష, అయినా దాస్తాడు, ఇంట్లో పిల్ల జబ్బుతో ఉంది కాబట్టి. మా వాళ్లు ఆ కూలీని పట్టించాలా వద్దా అని రెండు సెషన్లు కొట్టుకున్నారు. ఒక్క కత్తి దూయలేదు, అయినా మేం ఆడినవాటిలో అవే బెస్ట్.

అబద్ధమాడనివ్వని జోన్ ఆఫ్ ట్రూత్ గురించి కూడా చాలామంది భయపడతారు. అంత సీన్ లేదు. అది నోరు మూసుకోవడాన్ని ఆపదు, డొంకతిరుగుడు జవాబునూ ఆపదు. మా రాజ్యంలో దాన్ని మామూలు జనం మీద ఎప్పుడైనా వెయ్యొచ్చు, మంత్రుల మీద వెయ్యాలంటే రాజముద్ర కావాలి. ఆ చట్టం రాసింది మంత్రులే.

నిప్పుల బంతుల సంగతికొస్తే, వాటికి గబ్బిలం రెట్ట, గంధకం చాలు. వాటిని రాజు అదుపు చెయ్యలేడు, అందుకే ఆ మాంత్రికులకు జాగీర్లిచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. అక్కడ నేను పెద్దగా బుర్ర పెట్టలేదు.

అన్నట్టు, మా గుంపులో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్నాడు. "రాజు ఫర్మానా జారీ చేసి వజ్రాల ధర రెట్టింపు చేస్తే, 250 నాణేల రాయి 500ది అయిపోతుందా? స్పెల్ పనిచేస్తుందా?" అని అడిగాడు. దేవుళ్లు మార్కెట్ రేటు చూస్తారా, ప్రభుత్వ రేటు చూస్తారా అని అరగంట వాదన. నేను మార్కెట్ రేటే అన్నాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు, పైగా ఇప్పుడు వాడి పాత్ర ఆటలో చిన్న రాళ్లన్నీ కొని దాస్తోంది.